విమ్ రాకపోతే ప్రోగ్రామర్ కాలేమా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. కోడ్ రాయడానికి మేమంతా వీఎస్ కోడ్ అనే ఎడిటర్ వాడతాం. ఒక సీనియర్ మాత్రం విమ్ అనే పాత తరహా ఎడిటర్ రాకపోతే ఉద్యోగంలో కష్టమంటున్నారు. తెరిచి చూస్తే అక్షరాలు సరిగ్గా టైప్ కాలేదు, బయటికి రావడమూ తెలియలేదు. టెన్షన్‌గా ఉంది. ఏది నేర్చుకోవాలి?

జవాబు: వీఎస్ కోడ్ మానకండి. దానితో పాటు విమ్ కూడా అవసరమైనంత నేర్చుకోండి. అక్షరాలు పడకపోవడం మీ లోపం కాదు, ఆ ఎడిటర్ తీరే అంత.

విమ్‌కు మూలమైన వీఐని బిల్ జాయ్ 1976లో రాశారు. అంతకుముందు 1969లో కెన్ థాంప్సన్ రాసిన ఈడీ లాంటి లైన్ ఎడిటర్లు ఉండేవి. కాగితం మీద అచ్చువేసే టెలిటైప్ యంత్రాల కాలమది. ఫైలు కళ్ల ముందు ఉండదు, ఫలానా లైను మార్చమని కమాండ్ ఇవ్వాలి. వీఐ ఫైలును తెర మీద చూపించింది. కానీ జాయ్ వాడిన టెర్మినల్‌కు, అంటే తెర, కీబోర్డు ఉన్న యంత్రానికి, మౌస్ లేదు, విడిగా బాణం కీలు కూడా లేవు. హెచ్, జే, కే, ఎల్ కీల మీదే బాణాలు ఉండేవి. అందుకే వీఐలో అక్షరాల కీలే రెండు పనులు చేస్తాయి. నార్మల్ మోడ్‌లో అవి కమాండ్లు. ఐ నొక్కి ఇన్సర్ట్ మోడ్‌లోకి వెళ్తేనే అక్షరాలు పడతాయి. ఎస్కేప్ నొక్కితే మళ్లీ నార్మల్ మోడ్. అక్కడ కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం కొట్టి ఎంటర్ నొక్కితే మార్పులు సేవ్ కాకుండానే బయటికి వచ్చేస్తారు. డీ తర్వాత డబ్ల్యూ కొడితే పదం పోతుంది, డీ రెండుసార్లు కొడితే లైను పోతుంది. చేతికి అలవాటైతే చాలా హాయి.

ఈమ్యాక్స్ అనే మరో ఎడిటర్ దారి వేరు. టైప్ చేస్తే అక్షరమే పడుతుంది, కమాండ్లకు కంట్రోల్ లాంటి కీలు కలిపి నొక్కాలి. నానో అనే చిన్న ఎడిటర్‌లో ముఖ్యమైన షార్ట్‌కట్లు తెర కింద కనిపిస్తూనే ఉంటాయి, కాబట్టి కొత్తవాళ్లకు సులువు. వర్డ్‌లో మాత్రం కోడ్ రాయకండి. అది మామూలు కొటేషన్ గుర్తులను వంపు గుర్తులుగా మార్చేస్తే ప్రోగ్రామ్ నడవదు.

సీనియర్ మాటలో కొంత నిజం ఉంది. ఉద్యోగంలో ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా, అంటే ఎక్కడో ఉన్న కంప్యూటర్‌కు కనెక్ట్ అయ్యే పద్ధతిలో, సర్వర్‌లోకి వెళ్తే చాలాసార్లు మీ ముందు కమాండ్లు కొట్టే నల్ల టెర్మినల్ తెర తప్ప ఏమీ ఉండదు. అక్కడ వీఐయే దొరికే అవకాశం ఎక్కువ, ఎందుకంటే యూనిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణమైన పోసిక్స్‌లో అదీ ఉంది. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో కమిట్ చేసినప్పుడు, అంటే మార్పులను నమోదు చేసినప్పుడు కూడా అనుకోకుండా అదే తెరుచుకోవచ్చు.

అంతకు మించి ఒకే ఎడిటర్‌ను పట్టుకుని కూర్చోవద్దు. 2014లో వచ్చి ఎంతోమంది ఇష్టపడిన ఆటమ్ ఎడిటర్‌ను 2022 చివర్లో ఆపేశారు. పైగా 2016లో మైక్రోసాఫ్ట్ లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ అనే, ఏ ఎడిటరైనా వాడుకోగల ఉమ్మడి పద్ధతిని తెచ్చాక, కోడ్ సూచనలు, తప్పులు చూపించడం లాంటివి విమ్ కొత్త రూపమైన నియోవిమ్‌లోనూ దొరుకుతున్నాయి. ఏ ఎడిటర్‌కు మారినా వెంట వచ్చేది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో, అంటే అక్షరాల నమూనాలతో వెతకడం, ఫంక్షన్ నిర్వచనం దగ్గరికి నేరుగా వెళ్లడం, మౌస్ ముట్టకుండా ఫైళ్లు మారడం. వీటి మీద శ్రద్ధ పెట్టండి.

ఈ వారంలో టెర్మినల్‌లో విమ్‌ట్యూటర్ అని కొట్టి ఆ పాఠం పూర్తి చేయండి, అరగంట పడుతుంది. నచ్చితే వీఎస్ కోడ్‌లోనే విమ్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకుని సాధన చేయండి. నచ్చకపోతే ఫైలు తెరవడం, మార్చడం, సేవ్ చేయడం, బయటికి రావడం వస్తే చాలు. రెజ్యూమేలో ఎడిటర్ పేరుకు పెట్టే లైనును మీరు సొంతంగా రాసిన ప్రాజెక్టుకు ఇవ్వండి.