రిటైరైనవాళ్ళను పిలవండి, పెన్షన్ జోలికి మాత్రం వెళ్ళకండి

"రిటైరైన జడ్జీలను, కోర్టు ఉద్యోగులను మళ్ళీ పనిలోకి తీసుకుంటే పెన్షనూ జీతమూ రెండూ ఇవ్వాలా?" అని ఒక ప్రశ్న. ఇవ్వాలి, రెండూ పూర్తిగా ఇవ్వాలి. పెన్షన్ ఎప్పుడో చేసిన చాకిరీకి రావాల్సిన డబ్బు. అది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని పెన్షన్‌దారుల హక్కులపై నడిచిన నకారా కేసులో సుప్రీంకోర్టు 1982లోనే తేల్చేసింది.

మా నాన్న జిల్లా కోర్టులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. పాత రికార్డులు స్కానింగ్‌కి సర్దాలని కాంట్రాక్టు మీద మళ్ళీ పిలిచారు. చివరి జీతంలోంచి పెన్షన్ తీసేసి మిగిలింది ఇస్తామన్నారు. నాన్న సరేనన్నారు.

ఒకరోజు ఓ పెద్దావిడ మామగారి కాలం నాటి పార్టిషన్ డిక్రీ (ఆస్తి పంపకాల తీర్పు) నకలు కోసం వచ్చింది. ఆమెకు తెలిసింది ఊరి పేరు, మామగారి పేరు, అంతే. "సూట్ నంబరు, అంటే కేసు నంబరు, లేకపోతే దొరకదమ్మా" అని ఔట్‌సోర్సింగ్ కుర్రాడు పంపించేయబోయాడు. వాణ్ణి అని ఏం లాభం? చాలీచాలని జీతమిచ్చి, ఏమీ నేర్పకుండా రికార్డు రూములో పడేశారు. నాన్న ఆవిణ్ణి కూర్చోబెట్టి పాత సూట్ రిజిస్టర్లు దించారు. గొలుసుకట్టు రాత, అంచులు ఎలకలు కొరికేశాయి. వేలు పెట్టి వరుసగా చదువుకుంటూ పోయి, సాయంత్రానికల్లా ఆ కేసు కాగితాల కట్ట బయటికి తీశారు.

ఇలాంటి మనిషికి ట్రెజరీవాళ్ళు పెన్షన్ ఆపేశారు! "మళ్ళీ ఉద్యోగంలో చేరారుగా, కోర్టు నుంచి లెటర్ తెండి" అన్నారు. కోర్టులో అడిగితే "ట్రెజరీ నుంచి రాతపూర్వకంగా అడగమనండి" అన్నారు. అమ్మ బీపీ మాత్రలు ఆ డబ్బులతోనే కొనాలి. విసిగిపోయి నాన్న మానేశారు.

పెద్ద జడ్జీల సంగతీ ఇంతే. రిటైరైన హైకోర్టు జడ్జీలను పిలిచే వీలు రాజ్యాంగం 224ఎ అధికరణం కింద 1963 నుంచీ ఉంది. వాడింది వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు అలా పిలవడానికున్న షరతులు సడలించింది, సంతోషం. కానీ వాళ్ళకూ పెన్షన్ పోగా మిగిలిన జీతమే. బయట ఆర్బిట్రేషన్లు (కోర్టు బయట వివాదాలు తీర్చడం) చేసుకుంటే అంతకు ఎన్నో రెట్లు వస్తుంటే పెండింగ్ అప్పీళ్ళు వినడానికి ఎవరొస్తారు?

జీతం సంగతి తర్వాత, ముందు ఒక్క పని చేయండి. నియామక ఉత్తర్వులోనే "పెన్షన్ యథాతథంగా కొనసాగుతుంది" అని రాసి, ఆ కాపీ నేరుగా ట్రెజరీకి పంపండి.