సైటేషన్ల లెక్క గురించి ఒక యువ రచయిత్రికి

తార్నాక, హైదరాబాదు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మన నగరంలోని ఒక వైద్య పరిశోధకుడిపై నువ్వు రాసి పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది, శ్రద్ధ కనిపిస్తోంది. అయితే ఆయన పేపర్లు ఎన్ని, సైటేషన్లు (అంటే వాటిని ఇతర పరిశోధకులు తమ పేపర్లలో ఉదహరించిన సందర్భాలు) ఎన్ని, హెచ్-ఇండెక్స్ ఎంత అని మొదటి పేరాలోనే మూడు అంకెలు పెట్టి, చివరిదాకా వాటి మీదే ఆధారపడ్డావు. ఆయన ఏ జబ్బు గురించి ఏం కనిపెట్టారో చెప్పే వాక్యం ఎక్కడా దొరకలేదు. ఆ వాక్యం కోసమే ఈ ఉత్తరం.

రాయడం మొదలుపెట్టిన రోజుల్లో నేనూ ఈ పొరపాటే చేశాను. ఒక వైద్యుడి ప్రచురణల సంఖ్యను మెచ్చుకుంటూ రాసిన వ్యాసం అచ్చయ్యాక, జిల్లా ఆసుపత్రిలో పనిచేసే ఒక డాక్టరుగారు, వాటి వల్ల తన వార్డులోని రోగికి ఏం మారిందో చెప్పమని కార్డు రాశారు. ఆ పేపర్లలో ఒక్కటీ చదవలేదు కనుక నేను జవాబు ఇవ్వలేకపోయాను.

హెచ్-ఇండెక్స్ 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించిన కొలత. ఒకరి పేపర్లలో ఇరవైకి తలా ఇరవై సైటేషన్లైనా ఉంటే ఆ సూచిక 20 అవుతుంది. ఐదే పేపర్లు రాసినవారికి, వాటిలో ఒకటి వైద్యాన్నే మార్చివేసినా, అది ఐదు దాటదు. భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారినే తీసుకో. 1925లో ఫిస్క్ అనే తోటి శాస్త్రవేత్తతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఆయన ప్రచురించారు. దాన్ని వాడుకున్న ప్రయోగశాలలు దశాబ్దాలపాటు ఆ పేపరును ఉదహరించాయి. రక్త క్యాన్సరు సోకిన పిల్లల్లో అమినోప్టెరిన్ అనే మందు వల్ల జబ్బు కొంతకాలమైనా వెనక్కి తగ్గిందని అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ బృందం 1948లో ప్రకటించింది. ఆ మందును తయారుచేసి ఇచ్చిన పరిశోధన బృందానికి సుబ్బారావుగారే నాయకుడు, అయినా ఆ పేపరు రచయితల వరుసలో ఆయన పేరు లేదు. మొదటి పనిని ఆయన ఖాతాలో జమకట్టే సైటేషన్ల లెక్కకు ఈ రెండో పని కనబడదు.

ఇంకో చిక్కు మన పేర్లలోనే ఉంది. మనం ఇంటిపేరును ముందు పొడి అక్షరంగా రాస్తాం. పేపర్లనూ సైటేషన్లనూ లెక్కగట్టే డేటాబేసులు మాత్రం చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటాయి కాబట్టి రావులు, రెడ్డిలు అందరూ ఒకే ఇంటివారైపోతారు, అసలు ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది. ఎముకల డాక్టరు పేపర్లు కంటి డాక్టరు ఖాతాలో చేరడం నేను స్వయంగా చూశాను. 2012లో మొదలైన ఆర్కిడ్ అనే పదహారు అంకెల గుర్తింపు సంఖ్య ఈ గందరగోళానికి విరుగుడు. నువ్వు రాసిన పరిశోధకుడికి అది ఉంటే దాని ద్వారానే జాబితా సరిచూసుకో, లేకపోతే ఆయన పక్కన కూర్చుని ఒక్కొక్క పేపరూ సరిపోల్చుకో. గూగుల్ స్కాలర్ థీసిస్‌లను కూడా లెక్కలోకి తీసుకుంటుంది కనుక అక్కడి సంఖ్య సాధారణంగా స్కోపస్ అనే మరో డేటాబేసు ఇచ్చే సంఖ్యకన్నా పెద్దది. అంకె రాసినప్పుడల్లా ఎక్కడిదో, ఏ తేదీదో పక్కనే రాయి.

అన్నిటికన్నా ముఖ్యం, ఎవరు ఎందుకు ఉదహరించారో చూడటం. మా ఇంటికి దగ్గరలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అది 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు వచ్చింది. అక్కడి పరిశోధకులు గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పేపరు ప్రచురించారు. జొన్న ప్రధానాహారంగా తినేవారిలో కనిపించే పెల్లాగ్రా అనే పోషకాహార లోప వ్యాధికి, జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లంతో సంబంధం ఉందని అందులో సూచించారు. తరవాత దాన్ని సమర్థిస్తూ రాసినవారు ఉన్నారు, తమ ప్రయోగాల్లో ఆ ఫలితం రాలేదని రాసినవారూ ఉన్నారు. సైటేషన్ల మొత్తంలో ఈ ఇద్దరూ ఒకటే. పాఠకుడికి మాత్రం ఆ వాదమే అసలు కథ, ఎందుకంటే జొన్నరొట్టె తినే కూలివాడి చర్మం ఎండకు ఎందుకు నల్లబడి పొలుసులు రాలుతుందన్న ప్రశ్న అందులోనే ఉంది. 1998లో టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టి లాన్సెట్‌లో వచ్చిన పేపరును 2010లో ఉపసంహరించారు. దానికి సైటేషన్లు కొల్లలు, చాలావరకు తప్పుపట్టడానికే.

వందలమంది రచయితలున్న అంతర్జాతీయ పేపరులో నువ్వు రాసిన పరిశోధకుడి పేరు ఒకటైతే, అందులో ఆయన చేసిన పని ఏమిటో నేరుగా అడుగు. మర్యాదగా అడిగితే నిజమైన పరిశోధకుడు సంతోషంగా చెబుతాడు.

ఇప్పుడు మళ్లీ రాయడానికి ఆయన పేపర్లలో మూడు ఎంచుకో: ఆయనకు ఇష్టమైనది, ఎక్కువమంది ఉదహరించినది, ఎవరూ పట్టించుకోలేదని ఆయన బాధపడేది. మూడూ పూర్తిగా చదివాక మొదటి పేరా రాయి. 1960 నాటి పేపరు జిరాక్సు నా దగ్గర ఉంది. ఆదివారం ఉదయం వచ్చి తీసుకువెళ్లు, నీ కొత్త ప్రతి కూడా తీసుకురా.