ఊడిన ట్యాగ్‌ను పారేయకండి

ప్రశ్న: మా ఆవు చెవికి వేసిన ఎలక్ట్రానిక్ ట్యాగ్ నెల తిరక్కుండానే కంచెకు తగులుకుని ఊడిపోయింది. చెవి చీలింది. ‘ఆ చిప్ నుంచి రేడియేషన్ వస్తుంది, ఆవు ఎక్కడ తిరిగేదీ వాళ్లకు తెలిసిపోతుంది, మళ్లీ వద్దు’ అని ఇంట్లో అంటున్నారు. ఏం చేయమంటారు డాక్టర్ గారూ?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు చెవి సంగతి చూడండమ్మా. గాయం కడిగి, ఈగలు వాలకుండా మందు రాయండి. పుండు మానేదాకా ఆ చెవి జోలికి పోకండి. కొత్త ట్యాగ్ రెండో చెవికి వేయించండి.

నెలలోనే ఊడిందంటే వేసిన చోటు సరైంది కాకపోయి ఉండొచ్చు. చెవిని బొటనవేలితో తడిమితే పొడవునా గట్టిగా రెండు గట్లు తగులుతాయి. వాటి మధ్యన, చెవి నడిమి భాగంలో, రక్తనాళం లేని చోట పిన్ను దిగాలి. చెవి కొసకు వేస్తే వేలాడుతూ ప్రతిదానికీ తట్టుకుంటుంది. వేసేటప్పుడు పక్కన నిలబడి చూడండి, అడగడానికి మొహమాటపడకండి.

రేడియేషన్ గురించి టెన్షన్ వద్దు. ఆ చిప్‌లో బ్యాటరీయే లేదు. నంబర్ చదివే యంత్రాన్ని, అంటే రీడర్‌ను, దగ్గరికి తెచ్చినప్పుడు దాని 134.2 కిలోహెర్ట్జ్ తరంగాల నుంచే శక్తి తీసుకుని తన నంబర్ చెబుతుంది. చేతి రీడర్‌ను మూరెడు దూరం జరిపితే చాలు, చదవడం కష్టమే. ఆవు ఎక్కడుందో చూపించే జీపీఎస్ కాలర్ వేరే వస్తువు. చిప్‌లో ఉండేది 15 అంకెల నంబర్, అంతే. మొదటి 3 అంకెలు దేశానివో, తయారీదారువో. టీకాలు, ఈతలు, అమ్మకాలు అన్నీ ఆ నంబర్ ఎదురుగా రిజిస్టర్‌లో మనుషులు రాయాల్సిందే.

మరి చిప్ ఎందుకంటారా? నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మందకు క్షయ పరీక్ష చేశాను. మామూలు ప్లాస్టిక్ ట్యాగ్ మీద పేడ అంటి ఉంటే 8ని 3 అని రాసుకున్నాను. సూది వేసిన చోట వాపు వచ్చి, రోగం ఉందని అనుమానించాల్సిన ఆవు మందలోనే ఉండిపోయింది, ఏ రోగమూ లేని చూడి ఆవును వేరుగా కట్టేశారు. నాలుగు రోజులకు గాని తప్పు తెలియలేదు. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. రీడర్‌కు పేడ అడ్డం కాదమ్మా.

2001లో బ్రిటన్‌లో గాలికుంటు వచ్చినప్పుడు, అది బయటపడేలోపే గొర్రెలు సంతల మీదుగా దూరదూరాలకు చేరిపోయాయి. ఏ గొర్రె ఎటు పోయిందో విడివిడిగా లెక్క లేదు. చివరికి 60 లక్షలకు పైగా జీవాలను చంపాల్సి వచ్చింది. వాటిలో చాలావాటికి రోగమే లేదు.

అందుకే కొత్త ట్యాగ్ తప్పకుండా వేయించండి. కొత్త నంబర్ పక్కనే పాత నంబర్, మార్చిన తేదీ రాయించండి. అవి రాయకపోతే మీ ఆవు ఇన్నాళ్ల టీకాల లెక్క పాత నంబర్ దగ్గరే ఆగిపోతుంది. ఊడిన ట్యాగ్ కంచె దగ్గర దొరికితే మళ్లీ తొడగాలని చూడకండి, తెగిన పిన్ను పట్టదు. నంబర్ చూపించడానికి వెంట తీసుకెళ్లండి.