ఆరు గుంపులు, ఆరు ఎత్తులు

ప్రశ్న: పదో తరగతికి సరూప త్రిభుజాలు (ఒకే ఆకారంలో ఉండే చిన్నా పెద్దా త్రిభుజాలు) చెబుతూ పిల్లల్ని బడి ఆవరణలోకి తీసుకెళ్లాను. నీడను బట్టి వేపచెట్టు ఎత్తు లెక్కగట్టమంటే ఆరు గుంపులకూ ఆరు జవాబులొచ్చాయి. పీరియడ్ వృథా అయిందంటున్నారు మా హెచ్‌ఎం గారు. బయట చెబితే నిజంగా లాభముందా?
– గణిత ఉపాధ్యాయిని, సంగారెడ్డి

జవాబు: ఆ ఆరు జవాబులే మీ పాఠానికి అసలు సరుకు మేడమ్. పుస్తకంలోని బొమ్మలో కర్ర ఎప్పుడూ నిటారుగానే ఉంటుంది, ఎండ కదలదు. ఆవరణలో కర్ర ఒరుగుతుంది, నీడ జరుగుతుంది. తప్పు ఎక్కడ దొర్లిందో పిల్లలే వెతికి పట్టుకుంటే సరూపత ఎప్పుడు కుదురుతుందో, ఎప్పుడు కుదరదో వాళ్లకు బోధపడుతుంది. నల్లబల్ల మీద ఆ అవకాశమే రాదు.

ముందు వేపను వదిలేయండి. కొమ్మలు పక్కలకు విస్తరించిన చెట్టుకు నీడ అంచున పడేది చిటారుకొమ్మ నీడ కాదు, పక్కకొమ్మది. అందుకే ఎత్తు ఎక్కువగా తేలుతుంది. జెండా స్తంభంతో మొదలుపెట్టండి. దిమ్మె అంచు నుంచి కాకుండా స్తంభం మధ్య నుంచి, టేపు వంగకుండా కొలవాలి. పక్కనే చదునైన నేల మీద మీటరు కర్ర నిలబెట్టి, దారానికి రాయి కట్టి వేలాడదీసి నిటారుగా ఉందో లేదో చూడాలి.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఆలస్యం. ఉదయం 9 గంటల ప్రాంతంలో కర్ర నీడ 1.2 మీటర్లు, స్తంభం నీడ 9 మీటర్లు ఉంటే, 9ని 1.2తో భాగిస్తే ఎత్తు 7.5 మీటర్లు. స్తంభం నీడ ముందు కొలిచి, పది నిమిషాల తర్వాత కర్ర దగ్గరికి వస్తే దాని నీడ 1.1 మీటర్లకు తగ్గిపోయి ఉంటుంది. అదే స్తంభం 8.2 మీటర్లవుతుంది! మీరు విజిల్ వేయగానే రెండు నీడల చివర్లూ ఒకేసారి సుద్దతో గుర్తు పెట్టించండి. కొలతలు తర్వాత నింపాదిగా తీసుకోవచ్చు.

లాభం లెక్కలతోనే ఆగదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాల ఆరుబయట పీరియడ్ అదనంగా పెట్టారు. మూడేళ్లలో వాళ్లలో 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి (దూరంలోవి మసకగా కనిపించడం) వచ్చింది; మామూలుగా చదివిన పిల్లల్లో 39.5 శాతం మందికి. ఈ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. ఈ మేలుకు కారణం ఆరుబయటి వెలుతురేనని భావిస్తున్నారు. చెట్టు నీడలోనైనా తరగతి గదికన్నా వెలుతురు ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి పిల్లల్ని ఎండలో నిలబెట్టక్కర్లేదు. సూర్యుడి వైపు మాత్రం చూడనివ్వకండి.

ఆగస్టు 2, 3 తేదీల్లో మబ్బు లేకపోతే మధ్యాహ్నం 12.24 ప్రాంతంలో ఆ కర్రనే మళ్లీ నిలబెట్టించండి. మీ సంగారెడ్డిలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, కర్ర పక్కన నీడే ఉండదు.