పాత కారుకు వారంటీ హక్కు ఉంటుందా?

ప్రశ్న: డీలరు దగ్గర సెకండ్ హ్యాండ్ కారు కొన్న నెలలోపే గేర్‌బాక్స్ పాడైంది. రసీదులో 'ఉన్నది ఉన్నట్టుగా అమ్మడమైనది' అని ఉన్నందున తమకు బాధ్యత లేదని డీలరు అంటున్నారు. చట్టం నాకు అండగా ఉంటుందా?

జవాబు: పాత కార్లకు ఇన్ని నెలల వారంటీ ఇచ్చి తీరాలని నిర్దేశించే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. అయితే, వ్యాపారి నైపుణ్యాన్ని నమ్మి, అవసరమేమిటో చెప్పి కొన్న వస్తువు ఆ అవసరానికి పనికివచ్చేదిగా ఉండాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోని 16వ సెక్షన్ చెబుతోంది. స్పష్టమైన ఒప్పందంతో ఈ రక్షణను తొలగించుకునే వీలునూ అదే చట్టం కల్పించింది కనుక, మీ రసీదులోని వాక్యాన్ని తేలిగ్గా తీసుకోలేం. కానీ తెలిసిన లోపాన్ని కప్పిపుచ్చడం, ఓడోమీటరు రీడింగు తగ్గించడం వంటి మోసాలకు ఆ వాక్యం రక్షణ కవచం కాజాలదు. మీ కేసు బలమంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

కాబట్టి తొందరపడి రిపేరు చేయించకండి (చాలామంది సాక్ష్యాన్ని పోగొట్టుకునేది ఇలాగే). ముందుగా మరో మెకానిక్ చేత, లోపం ఎంతకాలంగా ఉండవచ్చో తెలిపే నివేదిక రాయించి, డీలరు ప్రకటనను, వాట్సాప్ సందేశాలను, పాత సర్వీసు రికార్డును దానికి జతచేసి, రాతపూర్వకంగా నోటీసు పంపండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు. లేదా వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం, వివాదం తలెత్తిన రెండేళ్లలోపు మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయలలోపు అయితే ఫీజు ఉండదు.