ప్రయాణ సందేహాలు: దసరా సెలవుల్లో ఆఫ్రికా అడవిలో రెండు రాత్రులు

ప్రశ్న: మా ఆడపడుచు కుటుంబం ఏడేళ్ళుగా జొహానెస్‌బర్గ్‌లో ఉంటోంది. ఈ దసరా సెలవులకు మా వారు, నేను, పదకొండేళ్ళ బాబు, ఐదేళ్ళ పాప, అరవై ఎనిమిదేళ్ళ మా అత్తగారు కలిసి అక్కడికి వెళ్తున్నాము. ఒక శుక్రవారం సాయంత్రం బయలుదేరి రెండు రాత్రులు అడవిలో టెంటు వేసుకుని ఉందామని వాళ్ళు అంటున్నారు. క్రూగర్ జాతీయ వనానికే వెళ్ళాలని మా బాబు పట్టుబడుతున్నాడు. మా అత్తగారేమో "సింహాలు తిరిగే చోట గుడ్డ గుడిసెలో పడుకోవడమేమిటమ్మా?" అంటున్నారు. మేము శాకాహారులం. ఎక్కడికి వెళ్ళడం మంచిది? ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?
ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మీ అత్తగారు అడిగినది న్యాయమైన ప్రశ్న కనుక దానితోనే మొదలుపెడతాను. దక్షిణాఫ్రికాలోని పెద్ద అభయారణ్యాల్లో కుటుంబాలు బస చేసే క్యాంపులకు చుట్టూ కంచె ఉంటుంది. సింహాలు, ఏనుగులు దానికి అవతల ఉంటాయి. మీరు టెంటు వేసుకునే చోటు ఇవతల, స్నానాల గదులు, వంట చేసుకునే వసతి, దీపాల మధ్య ఉంటుంది. నేల మీద పడుకోవడం ఆ వయసువారికి కష్టమే కాబట్టి, మంచాలు వేసి సిద్ధంగా ఉంచిన గుడారమో, గోడలున్న చిన్న కాటేజీయో ఆమెకు, పాపకు తీసుకుని, మిగిలినవారు పక్కనే సొంత టెంటు వేసుకోవచ్చు. సింహగర్జన నిశ్శబ్దమైన రాత్రి ఎనిమిది కిలోమీటర్ల దాకా వినబడుతుందన్న సంగతిని మాత్రం ఆమెకు ముందే చెప్పి ఉంచండి. లేకపోతే పక్కనే ఉన్నట్టు వినిపించే ఆ గొంతుకు ఆ రాత్రి మీరెవరూ నిద్రపోరు.

ఇక మీ బాబును కాస్త నిరాశపరచక తప్పదు. క్రూగర్ జాతీయ వనం దాదాపు 20,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణలో ఇంచుమించు ఆరో వంతు. జొహానెస్‌బర్గ్ నుంచి దాని దక్షిణపు ద్వారాలకే 400 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. రెండు రాత్రుల కోసం అంత దూరం వెళ్తే శుక్రవారం, ఆదివారం రోడ్డు మీదే గడిచిపోతాయి. దానికి తోడు అది మలేరియా ప్రాంతం. వానలు మొదలయ్యే అక్టోబరు నుంచి ముప్పు పెరుగుతుంది. ఐదేళ్ళ పాపకు, అరవై దాటినవారికి మలేరియా మాత్రలు వేసి తీసుకువెళ్ళవలసినంత అగత్యం ఈ రెండు రోజుల విహారానికి లేదని నా అభిప్రాయం. క్రూగర్‌ను కనీసం ఐదు రాత్రులు చేతిలో ఉన్నప్పుడు చూడాలి.

మీరు పిలానెస్‌బర్గ్ అనే అభయారణ్యానికి వెళ్ళండి. జొహానెస్‌బర్గ్ నుంచి సుమారు రెండున్నర గంటల ప్రయాణం, మలేరియా లేని ప్రాంతం, విస్తీర్ణం దాదాపు 550 చదరపు కిలోమీటర్లు. వంద కోట్ల సంవత్సరాలకు పైగా పూర్వం చల్లారిపోయిన అగ్నిపర్వతపు అడుగుభాగం అది. ఉంగరాల్లా ఒకదాని లోపల ఒకటిగా ఉన్న కొండల నడుమ అడవి, మధ్యలో మంక్వే అనే జలాశయం ఉన్నాయి. 1979కి ముందు అందులో చాలా భాగం పొలాలు, పశువుల మేతభూములు. అభయారణ్యంగా ప్రకటించాక, ఇతర ప్రాంతాల నుంచి దాదాపు 6,000 జంతువులను లారీల్లో తెచ్చి వదిలారు. తూర్పున మన్యానె, ఈశాన్యాన బఖాట్లా అనే ద్వారాల దగ్గర టెంట్లు వేసుకునే క్యాంపులున్నాయి. సెలవుల వారాంతాల్లో అవి ముందుగానే నిండిపోతాయి కనుక మీ ఆడపడుచు గారిని ఇప్పుడే బుక్ చేయమనండి.

మీరు ఎంచుకున్న కాలం బాగుంది. మనకు దసరా వచ్చేసరికి అక్కడ పొడికాలం ముగింపుకు వస్తుంది. గడ్డి ఎండి, ఆకులు రాలి, చూపుకు అడ్డు లేకుండా ఉంటుంది; వాగులు ఎండిపోవడంతో జంతువులన్నీ మిగిలిన నీళ్ళ దగ్గరికే వస్తాయి. పగటి ఎండ మన ఏప్రిల్‌ను గుర్తు చేసినా తెల్లవారుజామున స్వెట్టరు కావాలి. వేసవి సెలవుల్లో వెళ్ళదలచినవారు ఒకటి గమనించాలి: మే, జూన్ నెలలు అక్కడ చలికాలం, టెంటులో మామూలు దుప్పట్లు చాలవు.

ఇక్కడి నుంచి వెళ్ళేవారికి అన్నిటికంటే కొత్తగా తోచేది సొంత కారులో అడవిలో తిరగడం. అమ్రాబాద్‌లో ఫర్హాబాద్ వైపు వెళ్తే మనం అటవీశాఖ బండిలో, వాళ్ళు తీసుకువెళ్ళిన దారిలో వెళ్తాము. పిలానెస్‌బర్గ్‌లో ద్వారం దగ్గర రుసుము కట్టి, పటం ఒకటి చేత్తో పట్టుకుని మీ కారులో మీరే లోపలికి వెళ్ళవచ్చు. అక్కడా మనలాగే ఎడమవైపు నడుపుతారు. గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు, నిజానికి 20 దాటితే ఏమీ కనబడదు. ఆ స్వేచ్ఛకు బదులుగా వాళ్ళు అడిగేది ఒక్కటే: అనుమతించిన చోట్ల తప్ప కారు దిగకూడదు, కిటికీలోంచి తల, చేతులు బయట పెట్టకూడదు. జంతువులు కారును ఒకే ముద్దగా చూసి పట్టించుకోకుండా ఉంటాయి. అందులోంచి ఒక మనిషి ఆకారం బయటికి వచ్చిందంటే ఆ లెక్క మారిపోతుంది. కాబట్టి పిల్లలను బయలుదేరే ముందు మరుగుదొడ్డికి పంపడం, దిగదగిన చోట్లు పటంలో ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకోవడం మీకు సింహం జాడ కంటే ముఖ్యమైన సమాచారం. తెరిచి ఉన్న జీపుల్లో గైడుతో వెళ్ళే సవారీలు కూడా ఉంటాయి గాని, ఆరేళ్ళ లోపు పిల్లలను చాలా చోట్ల ఎక్కించుకోరు. ముందే అడిగి తెలుసుకోండి.

భయపడవలసింది సింహానికి కాదు, ఏనుగుకు. కారులో ఉన్నవారిని సింహం దాదాపు పట్టించుకోదు. ఏనుగుకు మాత్రం దారి ఎవరిదన్న విషయంలో స్పష్టమైన అభిప్రాయం ఉంటుంది. కన్నుకు, చెవికి మధ్య గండస్థలం మీద తడి చార కనబడి, వెనుక కాళ్ళ మధ్య మూత్రం బొట్లు బొట్లుగా కారుతూ ఉంటే అది మదంలో ఉన్న మగ ఏనుగు. దూరంగా ఉండగానే కారును నెమ్మదిగా వెనక్కి తీసుకోవాలి. చెవులు విప్పార్చి తల విదిలిస్తే అది మిమ్మల్ని వెళ్ళిపొమ్మంటోందని అర్థం. గున్నకు, తల్లికి మధ్యగా కారు పోనివ్వకూడదు. హారన్ మోగించే హైదరాబాదు అలవాటును ద్వారం దగ్గరే వదిలి వెళ్ళమని మీ వారికి చెప్పండి.

పిలానెస్‌బర్గ్ ఏనుగులకు ఒక కథ ఉంది, మీ అత్తగారికి నచ్చుతుంది. మొదట్లో ఇక్కడికి తెచ్చినవి, క్రూగర్‌లో ఏనుగుల సంఖ్యను తగ్గించడానికి పెద్దవాటిని చంపినప్పుడు మిగిలిపోయిన గున్నలు. పెద్ద దిక్కు లేకుండా పెరిగిన ఆ మగ గున్నలకు రావలసిన వయసుకంటే ముందే మదం పట్టి, పట్టింది దిగకుండా చాలా కాలం నిలిచిపోయేది. 1992, 1997 మధ్య అవి 40కి పైగా తెల్ల ఖడ్గమృగాలను చంపాయి. ఏం చేయాలో తోచక ఎన్నో ఆలోచించి, 1998లో క్రూగర్ నుంచి ఆరు ముదురు మగ ఏనుగులను తెచ్చి వదిలారు. వాటి ముందు కుర్రవాటి మదం అణిగింది, ఖడ్గమృగాలను చంపడం ఆగిపోయింది. ఇంట్లో పెద్దవాళ్ళు ఎందుకని అడిగే మనవళ్ళకు చెప్పడానికి ఆమెకు ఇంతకంటే మంచి కథ దొరకదు.

"బిగ్ ఫైవ్" అనే ఐదింటినీ, అంటే సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, దున్నలను రెండు రోజుల్లో చూసి తీరాలని పందెం కట్టుకోకండి. ఆ జాబితా చూసేవారి కోసం పుట్టింది కాదు. కాలినడకన వేటాడేటప్పుడు అత్యంత ప్రమాదకరమైనవని పూర్వపు వేటగాళ్ళు చెప్పుకున్న ఐదు జంతువులవి. దాని వెంట పరుగెత్తేవారు ఒక్కో చోట రెండు నిమిషాలు ఆగి, ఫోటో తీసి, దుమ్ము రేపుకుంటూ పోతారు. నేను మీకు చెప్పేది వేరు: ద్వారం తెరిచే వేళకు, అంటే ఆ నెలల్లో ఉదయం ఆరు గంటల ప్రాంతంలో లోపలికి వెళ్ళి రెండు గంటలు తిరిగి, ఎండ ఎక్కాక మంక్వే జలాశయం ఒడ్డున ఉన్న మరుగు గదిలో కూర్చోండి. జంతువులకు కనబడకుండా చూడడానికి కట్టిన చెక్క గది అది. పిల్లలు మొదటి పావుగంట గునుస్తారు. తరవాత నీళ్ళలో బండరాయి అనుకున్నది ముక్కు ఎగరేసి నీటి గుర్రం అవుతుంది, ఇక వాళ్ళను లేపడం మీ తరం కాదు.

నేను అలా కూర్చున్న ఒక రోజు జిరాఫీ నీళ్ళు తాగడానికి వచ్చింది. వచ్చి, తాగకుండా, ఇరవై నిమిషాలు నిలబడి చుట్టూ చూసింది. ముందు కాళ్ళను కొద్దికొద్దిగా ఎడం చేస్తూ, ఏదో చప్పుడు కాగానే మళ్ళీ దగ్గరికి తెచ్చుకుంటూ, మూడోసారికి గాని మెడ వంచలేదు. దాని వీపు మీదున్న ఎర్రముక్కు పిట్టలు మాత్రం ఆ మెడ జారుడుబల్ల అయినట్టు కిందికి దిగి, చెవిలో పురుగులు ఏరుకోవడం మానలేదు. జిరాఫీ రక్తపోటు మనిషి రక్తపోటుకు దాదాపు రెండింతలు. తల ఒక్కసారిగా కిందికి వంచినా రక్తం మెదడుకు ఉరకకుండా ఆపే ఏర్పాటు దాని మెడ నరాల్లో ఉంది. పదకొండేళ్ళ బాబుకు ఇది చెప్పి చూడండి, క్రూగర్ కొంతసేపు మరిచిపోతాడు.

భోజనం విషయంలో మీకు ఇబ్బంది లేదు. పళ్ళు, కూరగాయలు, పాల పదార్థాలు ఇక్కడి నుంచి తీసుకువెళ్ళకండి, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. జొహానెస్‌బర్గ్‌లోని ఫోర్డ్స్‌బర్గ్‌లో మనవాళ్ళ కొట్లలో పప్పులు, పిండ్లు, మసాలాలు అన్నీ దొరుకుతాయి. క్యాంపులో ప్రతి టెంటు దగ్గరా నిప్పుల మీద కాల్చుకునే పొయ్యి ఉంటుంది. అక్కడివాళ్ళు "బ్రాయ్" అంటారు, మాంసానికే వాడతారు. మీరు మొక్కజొన్న పొత్తులు, చిలగడదుంపలు, వంకాయలు కాల్చుకోండి. "పాప్" అని వాళ్ళు తినేది తెల్ల మొక్కజొన్న పిండి సంకటి. దాని మీద ఘాటైన టమాటా కూర వేసుకుంటే రాయలసీమవారు కూడా ఒప్పుకుంటారు.

అయితే తినుబండారాలను క్షణం కూడా బల్ల మీద వదిలిపెట్టవద్దు. కంచె సింహాన్ని ఆపుతుంది, కోతిని ఆపదు. నల్ల మొహం, బూడిద రంగు ఒంటి చిన్న కోతి ఒకటి, నేను టీ గ్లాసు అందుకోవడానికి వెనక్కి తిరిగిన వ్యవధిలో, హైదరాబాదు నుంచి మోసుకువెళ్ళిన చెగోడీల డబ్బాను ఎత్తుకుపోయింది. చెట్టెక్కి, మూత తిప్పి తీసి, మొదటి చెగోడీని వాసన చూసి, కొరికి, వామునో కారాన్నో గాని ఏవగించుకుని ఉమ్మేసింది. తరవాత మిగిలినవన్నీ ఒక్కొక్కటిగా మా నెత్తిన విసిరింది. తప్పు పూర్తిగా నాదే. కోతులకు, బాబూన్లనే పెద్ద కోతులకు పిల్లలచేత ఏమీ పెట్టించకండి; మనిషి చేతి తిండి మరిగి దాడికి దిగిన జంతువును చివరికి చంపవలసి వస్తుంది.

రాత్రి బూట్లు టెంటు లోపల పెట్టుకోండి, తెల్లవారి దులిపి తొడుక్కోండి. తేళ్ళు అక్కడా ఉన్నాయి.

ప్రశ్న: మేము నైరోబీలోని మా అన్నయ్య దగ్గరికి వెళ్తున్నాము. వారాంతంలో మాసాయి మారా అభయారణ్యం చూపిస్తామంటున్నారు. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరా? మా నాన్నగారికి అరవై ఏడేళ్ళు.
ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: తప్పనిసరి. కెన్యా ఎల్లో ఫీవర్ ముప్పు ఉన్న దేశాల జాబితాలో ఉంది; అక్కడి నుంచి తిరిగి వచ్చేటప్పుడు టీకా ధ్రువపత్రం చూపలేనివారిని మన విమానాశ్రయంలో ఆరు రోజుల వరకు విడిగా ఉంచుతారు. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. ధ్రువపత్రం టీకా వేసిన పదో రోజు నుంచి చెల్లుతుంది, ఆ తరవాత జీవితాంతం చెల్లుతుంది. అరవై దాటినవారికి మొదటిసారి వేసేటప్పుడు అరుదుగా తీవ్రమైన దుష్ప్రభావాలు రావచ్చు కనుక, మీ నాన్నగారి విషయం టికెట్లు కొనకముందే డాక్టరుతో మాట్లాడండి. మలేరియా మాత్రల సంగతీ అప్పుడే అడగండి. మల్కాజిగిరి పాఠకురాలు కూడా ఒకటి గమనించాలి: దక్షిణాఫ్రికాలో ఈ జబ్బు ముప్పు లేకపోయినా, నైరోబీ, అడిస్ అబాబా వంటి చోట్ల పన్నెండు గంటలకు మించి ఆగి వెళ్ళేవారిని అక్కడివారు ధ్రువపత్రం అడుగుతారు.

మారాలోని క్యాంపులకు చాలావాటికి కంచె ఉండదు. చీకటి పడ్డాక కాపలా మనిషి తోడు లేకుండా గుడారం దాటకూడదు. నైరోబీ నుంచి రోడ్డు మీద ఐదారు గంటలు పడుతుంది. మీ నాన్నగారికి అది కష్టమనిపిస్తే, నగరాన్ని ఆనుకునే 117 చదరపు కిలోమీటర్ల నైరోబీ జాతీయ వనం ఉంది. ఏనుగులు లేవు గాని సింహాలు, ఖడ్గమృగాలు ఉన్నాయి, మధ్యాహ్న భోజనానికి ఇంటికి రావచ్చు.

ప్రశ్న: జంతువులను చూడడానికి ఎలాంటి బైనాక్యులర్ కొనాలి?
ఒక పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: 8×42 అని రాసి ఉన్నది కొనండి. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండోది ముందు కటకం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. సాయంత్రపు మసక వెలుతురులో 42 బాగా పనికివస్తుంది. పన్నెండు, పదహారు రెట్లంటూ అమ్మేవి చేతి వణుకును కూడా అన్ని రెట్లు చేసి చూపిస్తాయి. పిల్లలకు తేలికైన 8×32 విడిగా కొనండి. కారులో ఐదుగురికి ఒక్కటే ఉంటే, అది చేతులు మారి మీ దాకా వచ్చేసరికి చిరుత చెట్టు దిగి వెళ్ళిపోయి ఉంటుంది.