ఇంట్లో నలుగురు ఒకేసారి సినిమాలు చూడాలంటే వాటిని దాచి టీవీలకు పంపే ఇంటి సర్వర్‌కు పెద్ద ప్రాసెసర్ కావాలా?

అక్కర్లేదు, టీవీలు సినిమా ఫైల్‌ను ఉన్నదున్నట్టుగా ప్లే చేయగలిగితే మామూలు ప్రాసెసర్ చాలు. అప్పుడు సర్వర్ పని ఫైల్ చదివి పంపడమే. అసలు భారం ట్రాన్స్‌కోడింగ్‌ది: టీవీకి ఆ ఫార్మాట్ తెలియకపోయినా, బయట చూసేవారి ఇంటర్నెట్ నెమ్మదిగా ఉన్నా వీడియోను అప్పటికప్పుడు మార్చి పంపాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో వీడియో మార్చడానికే ఉండే క్విక్ సింక్ లాంటి సదుపాయం ఉంటే అది తేలిక. లేకపోతే ఒక్క 4కె సినిమాకే చిన్న సర్వర్ చేతులెత్తేస్తుంది.

ఉదాహరణకు, సెకనుకు 80 మెగాబిట్ల 4కె సినిమాలు నాలుగైతే 320 మెగాబిట్లు, అంటే 40 మెగాబైట్లు. గిగాబిట్ (సెకనుకు 1000 మెగాబిట్ల) కేబుల్ దాన్ని సులువుగా మోస్తుంది.

సినిమా ఆగాగి వస్తే చాలామంది హార్డ్ డిస్క్‌ను తప్పుపట్టి, అంతకంటే వేగమైన ఎస్‌ఎస్‌డీ కొంటారు. నిజానికి తడబడేది ఎక్కువగా వైఫై, లేదా ట్రాన్స్‌కోడింగ్. ముందు సర్వర్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలపండి.